బొమ్మకు కీళ్లు కట్టుట



ఈ పూట నేను ముచ్చటింపదలచిన విషయము కొంత క్రొత్తగా తోపవచ్చును. తెరమీద నడచుచు, మాటలాడుచు, నవ్వుచు నుండెడి మనుష్యుల బొమ్మలు నేడు ఇంటింట కనబడుచున్నవి. ఆ బొమ్మల లోపల ఎముకల గూడు ఒకటి ఉన్నదనియు, అది సరిగా కుదురనిచో పైరూపము ఎంత చక్కగా నున్నను బొమ్మ మనిషి కానేరదనియు నేను ఇటీవలనే తెలిసికొంటిని. నేను చిరకాలము బడిపిల్లలకు వ్యాకరణము చెప్పినవాడను; యంత్రవిద్య చదివినవాడను కాను. అయినను ఈ విద్యకు మూలమైన సూత్రము మన పల్లెలకు తెలియనిది కాదని నాకు తోచినది. అది యెట్లో మనవి చేసెదను.

మాది కాళేశ్వరము. ప్రాణహిత వచ్చి గోదావరితో కలియు చోటు. సరస్వతి కంటికి కనబడక అడుగున ప్రవహించుచున్నదని పెద్దలు చెప్పుదురు. 2025వ సంవత్సరము మే నెల 15వ తేదీనుండి 26వ తేదీవరకు ఇచ్చట సరస్వతీ పుష్కరములు జరిగినవి. ఆ దినములలో మా కుమార్తె కొడుకు హైదరాబాదునుండి వచ్చి మా యింట నుండెను. అతడు అచ్చట యానిమేషన్ పని నేర్చుకొని, ఆ పనిలోనే జీవించుచున్నాడు. కంప్యూటరులో చేసిన బొమ్మలకు లోపలి ఎముకలను, కీళ్లను అమర్చుట అతని వంతు. ఆ పనిని వారు రిగ్గింగు అందురు.

ఒకనాటి సాయంకాలము అతడు తన కంప్యూటరు తెరచి మా కొక బొమ్మను చూపెను. అది మూడేండ్ల క్రిందట కాలధర్మము నొందిన మా అన్నగారి బొమ్మ. ఇంటనున్న ఛాయాచిత్రములను చూచి తీరిక వేళలలో చేసెనట. అందులో అన్నగారు ఏటి మెట్లు దిగి, దోసిట నీరు తీసికొని, సూర్యునకు అర్ఘ్యమిచ్చి, వచ్చి మెట్టుమీద కూర్చుందురు. ఆ ముఖము చూచి మేము నివ్వెరపోయితిమి. నొసటి ముడుతలు, చెవులప్రక్క నెరసిన వెండ్రుకలు, భుజముమీది కండువ, అన్నియు ఉన్నవి. మా వదినెగారు మాత్రము రెండుమారులు చూచి, మెల్లగా ఇట్లనిరి:

"మొఖం ఆయనదే బిడ్డా. నడక ఆయనది గాదు. ఆయన దిగుతున్నట్టు లేదు, ఆయన్ను ఎవరో పట్టి దింపుతున్నట్టున్నది."

పిల్లవాని ముఖము చిన్నబోయెను. ఆమె లోపలికి వెళ్లి మరల రాలేదు. ఆ రాత్రి అతడు చాలసేపు మేలుకొనియే యుండెను. మరునాటినుండి మేమిద్దరము ఆ తప్పు ఎచ్చట నున్నదో వెదకుటకు పూనుకొంటిమి. ఆ వెదకులాటలో నేను నేర్చుకొన్నదే ఈనాటి ప్రసంగము.

మొదట మన మెరిగిన బొమ్మలను తలచుకొందము. మన ఓరుగల్లు సీమకు ఇది పరాయి విద్య కాదు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తితో పేరు ముడివడిన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రములో బొమ్మలాటలను పేర్కొనియున్నాడు. ఒకనాటి వరంగల్లు జిల్లాలోని అమ్మాపురము కొయ్యబొమ్మలాటకు పేరు గన్నది. రాయలసీమలో నిమ్మలకుంట తోలుబొమ్మలకు నెలవు. ఆ యూరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020వ సంవత్సరమున పద్మశ్రీ పురస్కారము లభించినది.

తోలుబొమ్మ చేయువాడు ఏమి చేయును? తల, మొండెము, చేతులు వేరు వేరు ముక్కలుగా కోయును. భుజము కడ, మోచేయి కడ రంధ్రము చేసి, రెండు ముక్కలను ఒకదానిపై నొకటి చేర్చి త్రాటితో ముడి వేయును. ఆ ముడియే బొమ్మకు ప్రాణస్థానము. ముడి బిగిసిన చేయి లేవదు; వదులైన చేయి వ్రేలాడును. రంధ్రము వ్రేలెడు ఎడముగా పడినచో బొమ్మ విల్లెత్తినప్పుడు భుజము ఊడివచ్చినట్లు కనబడును. రంగులు, నగిషీలు తరువాతి మాట.

ఆడించువాడు బొమ్మ చేతికి కట్టిన పుల్లను పట్టుకొని పైకెత్తును. పుల్ల కట్టినది చేతికి మాత్రమే. మోచేతికి పుల్ల లేదు. అయినను చేయి ఎచ్చటికి పోయిన మోచేయి దానికి తగినట్లు తనంతట మడుగును. దండచేయి పొడవు, ముంజేయి పొడవు మారవు గనుక, భుజము ఇచ్చట, చేయి అచ్చట అన్నప్పుడు మోచేతికి రెండే చోట్లు మిగులును: పైకి మడుగుట, లేదా క్రిందికి మడుగుట. ఆ రెంటిలో ఏది కావలెనో ఆటగాడు మణికట్టు విసురుతో నిర్ణయించును. మనుమడు ఈ మాట విని, తాము కంప్యూటరులో చేయునదియు అక్షరాల ఇదియే యని చెప్పెను. పాదమును మెట్టుమీద నిలిపినచో మోకాలు ఎంత మడువవలెనో యంత్రము లెక్క కట్టును. మోకాలు ఏ దిక్కునకు చూడవలెనో మాత్రము మనిషి చెప్పవలెను. చెప్పకున్న కొక్కెరకాలివలె వెనుకకు మడుగును.

శిల్పికి ఈ చిక్కు లేదు. 1213వ సంవత్సరమునాటి పాలంపేట రామప్ప గుడిలోని మదనికలను చూడుడు. శిల్పి ఒక్క భంగిమను ఎన్నుకొని, ఆ ఒక్క క్షణమున దేహము ఎట్లుండునో చెక్కినాడు. ఆ స్త్రీ మరుక్షణమున చేయి దింపునప్పుడు భుజము ఎట్లు మారునో అతడు చెప్పనక్కరలేదు. కదలెడు బొమ్మ చేయువాడు ఆ బొమ్మ చేయబోవు ప్రతి పనికిని ముందే సిద్ధపడవలెను. కావుననే అతనికి రూపముతోబాటు ఎముకలు కూడ కావలసివచ్చినవి.

కంప్యూటరులో బొమ్మ యనగా లోపల ఏమియు లేని పలుచని త్రొడుగు. అందులో ఎముకలను పేర్చుదురు. కటిభాగపు ఎముక అన్నింటికిని మూలము. దానికి పైన వెన్ను, వెన్నుకు భుజములు, మెడ, భుజమునకు దండచేయి, దానికి ముంజేయి, దానికి హస్తము, హస్తమునకు వ్రేళ్లు; కటికి క్రిందుగా తొడ, పిక్క, పాదము. చెరువు తూమునుండి కాలువ, కాలువనుండి పిల్లకాలువ, దానినుండి మడి, ఇట్లు నీరు పారు విధముగా పై ఎముక కదలిక క్రింది ఎముకలకు పారును. తూము కడ తప్పు జరిగినచో మడి యొద్ద ఎంత సరిచేసినను ప్రయోజనము లేదు. కటిలో తప్పుపెట్టి వ్రేలికొనను దిద్దువాని గతియు అంతే.

ఇచ్చట నేను పిల్లవానిని ఒక ప్రశ్న అడిగితిని: "ఎన్ని ఎముకలు పెట్టితివి?" మన ప్రాచీనులలో చరకుడు 360 అన్నాడు. సుశ్రుతుడు శల్యతంత్రమున 300 అన్నాడు. నేటి వైద్యులు పెరిగిన మనిషికి 206 అందురు. చరకుడు దంతములను, గోళ్లను కూడ లెక్కించెను. ఎవరి లెక్క వారి పనిని బట్టి ఏర్పడినది. బొమ్మకు ఇన్నియు అక్కరలేదు. వెన్నులో మనకు మెడకు 7, వీపునకు 12, నడుమునకు 5 పూసలున్నవి. బొమ్మకు ఆ యిరువదినాలుగింటి స్థానమున తరచుగా నాలుగైదు ఎముకలే పెట్టుదురు. అదియు చాలును, వంపు సరియైన చోట పడినంతవరకు. కాబట్టి ఇచ్చట నిజము ఎముకల సంఖ్యలో లేదు. కీలు ఎచ్చట నున్నది, అది ఏ దిక్కునకు ఎంత తిరుగును అనుదానిలో నున్నది.

ఈ కీళ్ల విషయమున సుశ్రుతుని విభాగము నేటికిని చదువదగినది. మృతదేహమును గడ్డి మొదలగువానితో చుట్టి, పంజరమున పెట్టి, ఏడు రాత్రులు నీట నుంచి, పిమ్మట మెల్లగా ఒరసి, పొర తరువాత పొరను కంటితో చూడుమని శిష్యునకు చెప్పినవాడు ఆయన. సంధులు 210 అని లెక్కించి, శాఖలలో 68, మొండెమున 59, మెడకు పైని 83 అని పంచినాడు. అవి కదలునవి, కదలనివి అని రెండు తెగలు. ఆకారమును బట్టి ఎనిమిది. మోచేయి, మోకాలు, వ్రేళ్లవంటివి కోరములు, అనగా తలుపు బందువలె మడుగునవి. భుజమూలము, తొడమూలము ఉలూఖలములు, అనగా రోటిలో రోకలి తిరిగినట్లు అన్ని దిక్కులకు తిరుగునవి. వెన్నుపూసలవి ప్రతరములు. తలయెముకలవి కుట్టుపోసినట్టివి. దవడది కాకిముక్కు వంటిది. తలుపు బందును రోలుగా, రోటిని బందుగా చేసినచో బొమ్మ చెడును. ఇంతకు మించిన సూత్రము నేటి విద్యలోను లేదు.

మా బొమ్మలో తప్పులు మూడు చోట్ల దొరకినవి. వాటిని మీ దేహముమీదనే పరీక్షించి చూడవచ్చును.

మొదటిది తొడమూలము. లేచి నిలువబడి, తుంటిప్రక్క చేయి పెట్టి, ఆ కాలిని ముందునకు వెనుకకు ఊపుడు. అరచేతికి గట్టి ఎముక ఒకటి తగులును. కాలు అచ్చటనుండియే వ్రేలాడుచున్నదని మన మనుకొందుము. కాని ఆ ఎముక కూడ కదలుచున్నది, గమనింపుడు. బండిచక్రము తిరుగునప్పుడు ఇరుసు నడిమధ్య నిలిచియుండవలెను గదా. కదలునది ఇరుసు కాదు. అసలు కీలు గజ్జ మడత వెనుక, లోతున నున్నది. తొడయెముక గుండ్రని తల అచ్చట గుంటలో తిరుగును. మా పిల్లవాడు ఛాయాచిత్రములో పంచె వెడల్పును చూచి కీలును వెలుపలికి జరిపెను. అందువలన కాళ్లు మొండెమునకు ప్రక్కల తగిలించినట్లై, మెట్టు దిగునప్పుడెల్ల దేహము ఇటునటు తూలినది.

రెండవది భుజము. కుడిచేతిని ఎడమ చంకక్రిందుగా వీపుమీదికి పోనిచ్చి, ఎడమ రెక్కయెముకను తాకుచు, ఎడమచేతిని తలమీదికి ఎత్తుడు. ఆ రెక్కయెముక జారి ప్రక్కకు వచ్చుట తెలియును. చేతిని క్రిందినుండి నిట్టనిలువుగా ఎత్తుటకు పట్టు 180 డిగ్రీలలో సుమారు 120 మాత్రమే భుజపు రోటిలో జరుగును. తక్కిన 60 రెక్కయెముక తిరుగుటవలన కలుగును. ఇంకను వింతయేమన, చేయి మొండెమునకు ఎముకతో అతుకుకొను కీలు ఒక్కటే. అది గొంతుగుంట ప్రక్కన జత్రువు ఆరంభమగు చోట నున్నది. కాబట్టి చేయి భుజమునుండి కాక గొంతు ప్రక్కనుండి మొదలగునని తలచుట బొమ్మ చేయువానికి క్షేమము. ఇది మరచినవాని బొమ్మ చేతులెత్తి మ్రొక్కినప్పుడు భుజము లోపలికి నొక్కుకొనిపోవును. మెడ ప్రక్క కండ ఉబుకదు. మ్రొక్కు మ్రొక్కువలె నుండదు.

మూడవది ముంజేయి. మోచేతిని కదలకుండ పట్టుకొని, అరచేతిని వెల్లకిల, బోర్ల త్రిప్పుడు. మణికట్టొక్కటే తిరుగుచున్నదా? కాదు. ముంజేతిలో రెండెముకలున్నవి; అరచేయి బోర్ల పడునప్పుడు ఒకటి రెండవదానిమీదికి అడ్డముగా వచ్చును. తిరుగుడు ముంజేయి పొడవున అంతటను పరచుకొనును. మా బొమ్మ ముంజేతిలో ఒకే ఎముక ఉండెను. అన్నగారు దోసిలి పట్టినప్పుడు ఆ తిరుగుడంతయు మణికట్టు కడనే పడి, అచ్చటి చర్మము పిండిన తడిగుడ్డవలె మెలిపడెను. దీనికి చికిత్స ఏమనగా, ముంజేతిలో రెండు మూడు సహాయపు ఎముకలను వరుసగా పెట్టి, తిరుగుడును కొంచెము కొంచెముగా పంచుట.

ఈ సందర్భమున వ్యాకరణము చెప్పినవానికి ఒక మాట చెప్పక నిలువదు. పదములు రెండు కలియు చోటును సంధి యందుము; ఎముకలు రెండు కలియు చోటును సంధియే. సవర్ణదీర్ఘమున రెండు అకారములు పోయి ఒక దీర్ఘము వచ్చును. అక్షరము తగ్గినను కాలము తగ్గదు. మోచేతి చర్మపు సంగతియు నిట్టిదే. అచ్చటి చర్మము దండచేతిదా, ముంజేతిదా? రెంటిదియు. కంప్యూటరులో ప్రతి చర్మబిందువునకు ఏ ఎముక వెంట ఎంతపాలు నడువవలెనో వ్రాసిపెట్టుదురు. మోచేతి కడ సగము దీనికి, సగము దానికి ఇచ్చి ఊరకున్నచో, మడిచినప్పుడు ఆ సగటు లోపలికి కుంచించుకొని, చేయి నొక్కిన గొట్టమువలె సన్నబడును. అనగా అక్షరముతోబాటు కాలము కూడ పోయినది. ఆ పోయిన నిండుదనమును వేరుగా నింపవలెను. సంధికార్యము తెలియని పండితుడును, తెలియని బొమ్మకాడును ఒకే తప్పు చేయుదురు.

ఇక ఎముకల పొడవు మాట. పసిబిడ్డకు తల దేహపు పొడవులో నాలుగవ వంతు. పెరిగినవానికి సుమారు ఏడున్నరవ వంతు. కావున పెద్దవాని గూటిని చిన్నదిగా చేసినంత మాత్రమున బిడ్డ కాడు, మరుగుజ్జగును. పాళ్లు కుదుర్చుట ఎంత ప్రయాసయో మన లోయయే సాక్ష్యము చెప్పుచున్నది. ఈ ప్రాణహిత–గోదావరి లోయలో యామనపల్లి కడ ఒక మహాజంతువు ఎముకలు బయటపడినవి. 1988వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు దానికి కోటసారస్ అని నామకరణము చేసిరి. దొరకిన ఎముకలు 840. అవి కనీసము 12 జంతువులవి. తొడ ఒకదానిది, పూస మరియొకదానిది. వాటి పాళ్లను చూచి, సరిపోల్చి, ఒక్క జంతువుగా నిలువబెట్టి హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రమున ఉంచినారు. దాని పొడవు సుమారు 9 మీటర్లు. వారికి ఎముకలు దొరకినవి, మాంసము ఊహింపవలసివచ్చినది. మా పిల్లవానికి ముఖము దొరకినది, ఎముకలు ఊహింపవలసివచ్చినది. రెండు పనులకును కొలత ఒక్కటే ఆధారము.

మరి బ్రతికియున్న మనిషి లోపలి కీలును కోయకుండ, చూడకుండ కనుగొనుట ఎట్లు? గుంజకు కట్టిన లేగదూడను తలచుకొనుడు. చీకటిలో గుంజ కనబడకపోయినను, దూడ త్రాడు బిగియించి తిరిగిన అడుగుల వంపును చూచి గుంజ ఎచ్చట నున్నదో చెప్పవచ్చును. అట్లే మోకాటిమీద ఒక గుర్తు పెట్టి, కాలిని నలుదిక్కుల త్రిప్పించినచో, ఆ గుర్తు తిరిగిన వంపునుబట్టి తొడకీలు స్థానము తేలును. మోషన్ క్యాప్చర్ అను పద్ధతిలో మనిషి ఒంటిమీద మెరయు చిన్న గోళీలను అంటించి, చుట్టును కెమెరాలు పెట్టి, అతని నడకను కొలుతురు. 2014వ సంవత్సరమున తెలుగున విక్రమసింహ యను పేర వచ్చిన రజనీకాంత్ చిత్రమునకు ఈ పద్ధతినే వాడిరి. అయితే ఇందులో ఒక మోసము కలదు. గోళీ చర్మముమీద నుండును. చర్మము ఎముకమీద జారును. ముసలివారి వదులు చర్మము మరింత జారును. కాబట్టి యంత్రము చెప్పినదానిని చేతితో తాకి సరిచూచుకొనువాడే మంచి పనివాడు.

ఈ మూడు తప్పులు దిద్దిన పిమ్మట కూర్చుండుట మిగిలినది. ఇది మనకు ముఖ్యము. కుర్చీలో కూర్చుండు మనిషికి తొడ, మోకాలు రెండును ఇంచుమించు మూలమట్టముగా మడిచిన చాలును. మనము గొంతుకు కూర్చుందుము; పిక్క తొడను ఒరసికొనును, మడమ నేలనే యుండును. బాసింపట్టు వేసికొందుము. నాట్లు వేయు స్త్రీ నడుము వంచి దినమంతయు నిలుచును. కుర్చీని మనసులో పెట్టుకొని కట్టిన గూటితో ఇవి చేయించబోయినచో తొడమూలమున చర్మము నలిగిపోవును, పిక్క తొడలో దూరిపోవును. మనుమడు బాసింపట్టునకు మోకాటిని ప్రక్కకు మెలిపెట్టెను. నేను అతనిని నేలమీద కూర్చుండబెట్టి చూపితిని: మోకాలు మెలిపడదు, తొడ రోటిలో వెలుపలికి తిరుగును, మోకాలు బందువలె మడుగును, అంతియే. మెలిపెట్టినచో బొమ్మకు నొప్పి లేకున్నను, చూచువాని మోకాలు నొచ్చును.

ఇన్ని దిద్దుబాట్లు చేసి, పది దినముల తరువాత వదినెగారికి చూపితిమి. ఆమె చూచి, "ఇప్పుడు మనిషి లెక్క ఉన్నడు. ఆయన లెక్క లేడు" అనిరి.

అప్పుడు నేను ఆమెను అడిగితిని: "వదినె, అన్నయ్య మెట్లు ఎట్లా దిగేవాడు?" ఆమె లేచి, గడప కడకు పోయి, దిగి చూపిరి. ప్రతి మెట్టునకు ఎడమకాలే ముందు. ఎడమకాలు దింపి, కుడికాలిని దానిప్రక్కకు తెచ్చి నిలిపి, మరల ఎడమకాలు. ఎడమచేయి ఎడమతొడమీద. వయసులో నుండగా బండి క్రింద పడి ఆ మోకాలు చెడినదట. నలువదియేండ్లు ఒకే యింట నున్న తమ్ముడను, నేను దానిని ఎన్నడును గమనింపనైతిని. ఎక్కునప్పుడు బలమైన కాలు ముందుండును, దిగునప్పుడు నొచ్చు కాలు ముందుండును; ఏలయన దిగునప్పుడు దేహభారమును ఆపుచు మడుగునది వెనుకనున్న కాలి మోకాలు. వైద్యుడు చెప్పకయే అన్నగారి దేహము ఆ సూత్రమును నేర్చుకొన్నది. ఎదుట నిలిచి తీసిన ఏ ఛాయాచిత్రములోను అది లేదు. వదినెగారి జ్ఞాపకములో నున్నది.

మనుమడు ఎడమ మోకాటి మడుపునకు హద్దు పెట్టెను. అది కొంతమేర మడిగి ఆగిపోవును. ఆశ్చర్యమేమనగా, ఆ ఒక్క హద్దు పెట్టగనే తక్కినవి చాలవరకు తమంతట వచ్చినవి. మోకాలు మడువనందున కటి ఒరగినది. కటి ఒరగినందున వెన్ను ఎదురు వంగినది. కుడిభుజము కొంచెము లేచినది. అది అన్నగారి భుజమే. తూము తెరచినట్లు పైనుండి క్రిందివరకు ఆయన వచ్చినారు.

వదినెగారు మూడవమారు చూచిరి. ఏమియు మాటలాడలేదు. బొమ్మ నాలుగవ మెట్టునకు వచ్చునప్పటికి, ఆమె తెరవైపు చేయి చాచి, "మెల్లగ దిగుమను బిడ్డా, ఆడ పాకురున్నది" అనిరి.

పెద్దలారా, ఇది చిన్న సంగతియే. చనిపోయినవారు తిరిగి రారు, రావించితిమని గర్వింపదగదు. కాని దీనివలన నేను తెలిసికొన్నది ఒకటి ఉన్నది. మన పిల్లలు రేపు రామాయణమును, కాకతీయుల కథలను, మన పల్లె కథలను ఈ బొమ్మలతో చెప్పబోవుచున్నారు. 2025వ సంవత్సరమున వచ్చిన మహావతార్ నరసింహ చిత్రమును మీలో పలువురు చూచియే యుందురు. ఆ బొమ్మలు మనవలె నడువవలెనన్న, మనవలె కూర్చుండవలెనన్న, వాటి కీళ్ల కొలతలు మననుండియే పోవలెను. మగ్గము గుంటలో కాలాడించు నేతగాని మోకాలు, వల విసరు జాలరి నడుము, కుమ్మరి సారెను త్రిప్పు భుజము, కొయ్యబొమ్మల త్రాళ్లను వ్రేళ్లతో ఆడించువాని మణికట్టు, ఇవి పుస్తకములలో లేవు. మన దేహములలో నున్నవి, మనతోనే పోవును.

కాబట్టి ఎవరైన పిల్లవాడు వచ్చి, "తాతా, ఒకసారి లేచి నడువుము, ఒకసారి కూర్చుండి చూపుము" అని అడిగినచో, పనిలేని పని యని కసరకుడు. సిగ్గుపడకుడు. నొచ్చు మోకాలిని దాచి, వయసువానివలె నడచి చూపకుడు. ఎట్లు నడతురో అట్లే నడవుడు. మీయింట ముసలమ్మలు ఉన్నచో, వారిని అడిగి తెలిసికొనుడు. ఎవరు ఎట్లు నడచిరో వారికి తెలిసినంత మరియెవరికిని తెలియదు.